డిస్కు విభజన పట్టిక చెరిగినపుడు

ఈ పుటలలో నేను సాధారణంగా వ్యాధులను గురించి, వాటి నివారణను గురించి వ్రాస్తుంటాను. ఈ పర్యాయం కంప్యూటరు డిస్కును గురించి వ్రాస్తున్నందుకు పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. 2024లో మాకు సన్నిహితమైన ఒక కుటుంబంలో, ఇల్లాలి శస్త్రచికిత్సకు పది దినాల ముందు, ఇంటి కంప్యూటరులో ఉన్న సమాచారమంతా కనిపించకుండా పోయింది. అందులో పదిహేను సంవత్సరాల వైద్యపత్రాలు ఉన్నాయి. వాటిని తిరిగి రాబట్టే ప్రయత్నంలో నేను కూడా పాలుపంచుకున్నాను. డిస్కుల పని నా వృత్తి కాదు. పదవీ విరమణ తర్వాత, కెమెరా కార్డులలో చెరిగిపోయిన ఛాయాచిత్రాలను తిరిగి తీయటం కాలక్షేపంగా నేర్చుకున్నాను. ఆ కొద్దిపాటి పరిచయం ఒక రోగికి అక్కరకు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

రోగి, ఆమె పత్రాలు

ఆమె వయస్సు అరవైకి దగ్గర. భర్త తెలుగు ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఊరంతా ఆయనను మాస్టారనే పిలుస్తుంది. ఆమెకు చిన్నతనంలో గొంతునొప్పి, జ్వరం, ఆపై కీళ్ళనొప్పులు వచ్చి తగ్గాయి. గొంతులో చేరిన స్ట్రెప్టోకోకస్ సూక్ష్మజీవులపై శరీరం ఉత్పత్తి చేసే ప్రతిరక్షకాలు కొందరిలో తమ హృదయకవాటాలనే గాయపరుస్తాయి. కీళ్ళనొప్పులు పోతాయి, కవాటాల గాయం మిగిలిపోతుంది. ఆమెలో ద్విపత్రకవాటం క్రమంగా బిరుసెక్కి ఇరుకైపోయింది. 2009లో ఆ కవాటాన్ని తొలగించి లోహంతో చేసిన కృత్రిమ కవాటాన్ని అమర్చారు.

లోహకవాటం ఉన్నవారు జీవితాంతం రక్తం గడ్డకట్టకుండా మందు వాడుకోవాలి. ఆమె అసినోకుమరాల్ వాడుతున్నారు. మందు మోతాదు సరిపోయిందో లేదో ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష తెలుపుతుంది. ద్విపత్రకవాటపు స్థానంలో లోహకవాటం ఉన్నవారిలో ఆ విలువ సాధారణంగా 2.5కు, 3.5కు మధ్య ఉండేటట్లు చూస్తారు. తగ్గితే కవాటంపై రక్తపు గడ్డ ఏర్పడి మెదడుకు కొట్టుకొనిపోయి పక్షవాతం కలిగించవచ్చు, పెరిగితే రక్తస్రావం కావచ్చు. మాస్టారు ప్రతి పరీక్షఫలితాన్నీ తేదీతో సహా కంప్యూటరులో ఎక్కించేవారు. పాత ఆసుపత్రి కాగితాలన్నిటినీ స్కాన్ చేసి భద్రపరిచారు. కాగితాలకు చెదలు పట్టిన తర్వాత అసలు ప్రతులను పారవేశారు. అందువలన మిగిలినది కంప్యూటరులోని ప్రతి ఒక్కటే.

2024లో ఆమెకు పిత్తాశయంలో రాళ్ళ వలన రెండు పర్యాయాలు తీవ్రమైన నొప్పి వచ్చింది. పిత్తాశయాన్ని తొలగించాలని నిర్ణయించారు. ఇటువంటి శస్త్రచికిత్సకు ముందు అసినోకుమరాల్ వంటి మందును కొన్ని దినాలు ఆపవలసి ఉంటుంది. లోహకవాటం ఉన్నవారిని ఆ వ్యవధిలో మందు లేకుండా వదలకూడదు కాబట్టి హెపరిన్ అనే మందును సూదిద్వారా ఇస్తారు. అది త్వరగా పనిచేస్తుంది, ఆపగానే త్వరగా ప్రభావం కోల్పోతుంది. అది అందరూ అనుసరించే పద్ధతి. వైద్యులు పాత పత్రాలు తెమ్మన్నారు. ఆమె నాతో మాటల సందర్భంలో, "అప్పుడు ఆపరేషను అయ్యాక ఏదో ఇంజెక్షను నాకు పడలేదన్నారండి డాక్టరు గారూ. పేరు నాకు గుర్తులేదు, ఆయనకూ గుర్తులేదు. కాగితాల్లో ఉంటుంది" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆ కాగితాలను ఎప్పుడు చూద్దామా అని నేను కూడా ఎదురుచూస్తున్నాను.

ఆ మరునాడే ఆ సంఘటన జరిగింది.

జరిగినది

మాస్టారి మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చి, మావయ్య గారి పాత కంప్యూటరు నెమ్మదిగా నడుస్తున్నదని గమనించి, విండోస్‌తో పాటు లినక్స్ కూడా వేసి ఇద్దామనుకున్నాడు. ఉద్దేశం మంచిదే. ఆ కంప్యూటరులో ఒక టెరాబైటు హార్డ్‌డిస్కు ఉంది. అది రెండు భాగాలుగా ఉండేది. మొదటి భాగంలో విండోస్, రెండవ భాగంలో మాస్టారి దస్త్రాలు. లినక్స్‌ను స్థాపించే కార్యక్రమం ఒకచోట రెండు మార్గాలు చూపిస్తుంది: ఉన్న వ్యవస్థ పక్కన చేరటం, లేక డిస్కునంతా తుడిచి కొత్తగా మొదలుపెట్టటం. ఆ అబ్బాయి రెండవదానిని ఎంచుకున్నాడు. హెచ్చరిక వచ్చింది. హెచ్చరికలకు సమ్మతి తెలపటం మనకందరికీ అలవాటైపోయింది. కొద్ది నిమిషాల తర్వాత తెరపై డిస్కు పరిమాణమంతా ఒకే భాగంగా కనిపించటంతో విషయం గ్రహించి తీగను గోడనుండి లాగివేశాడు.

పొరపాటు చేసినది ఆ అబ్బాయే, డిస్కును కాపాడినదీ ఆ అబ్బాయే. తీగ లాగివేయటం చూడటానికి మొరటు పనిగా ఉంటుంది, కాని అప్పుడు చేయదగిన పని అదే. స్థాపన పూర్తి అయ్యేవరకు ఊరకున్నా, ఆ తర్వాత కొత్త వ్యవస్థను వాడుకలో పెట్టినా, మరికొంత పాత సమాచారంపై కొత్తది పడేది. లినక్స్ తన కొత్త దస్త్రవ్యవస్థకు కావలసిన పట్టికలను తర్వాత కూడా తెరవెనుక నింపుకుంటూ పోతుంది. ఎవరూ ఏమీ చేయకపోయినా డిస్కుపై వ్రాత సాగుతూనే ఉంటుంది.

నేను వెళ్ళేసరికి మాస్టారు మౌనంగా కూర్చుని ఉన్నారు. అబ్బాయి ముందురాత్రి నుంచి అన్నం తినలేదని వాళ్ళ అత్తయ్య చెప్పారు. ఆమెకు తన కాగితాలకంటె ఆ పిల్లవాని ముఖమే ఎక్కువ దిగులు కలిగించింది. అంతకుముందే దగ్గరలో ఉన్న ఒక మరమ్మతుల దుకాణానికి ఫోను చేశారట. "తీసుకురండి, ఫార్మాట్ చేసి విండోస్ వేసేస్తాం, డేటా మాత్రం ఆశ వదులుకోండి" అన్నారట. కంప్యూటరును తిరిగి నడిపించటం, అందులోని సమాచారాన్ని తిరిగి రాబట్టటం రెండూ వేరు వేరు పనులు. మొదటిది తొందరగా చేస్తే రెండవది అసాధ్యమవుతుంది. విండోస్ మళ్ళీ వేస్తే యంత్రం చక్కగా నడిచేది, ఆ పత్రాలు పోయేవి. కంప్యూటరును ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, అబ్బాయిని ముందు భోజనానికి కూర్చోబెట్టాను.

పాముకాటు వేసినప్పుడు విషం చేసే హాని కొంత, చుట్టూ చేరినవారు కోసి, బిగించికట్టి, నోటితో పీల్చి చేసే హాని కొంత. డిస్కుల విషయంలోనూ నేను ఇదే చూశాను. పొరపాటు జరిగిన తర్వాతి గంటలో ఆదుర్దాతో చేసే పనులే, అంటే మళ్ళీ ఫార్మాట్ చేయటం, మరమ్మతు కార్యక్రమాలను అదే డిస్కుపై దింపుకొని నడపటం, చెక్‌డిస్క్ వేయటం, ఎక్కువ నష్టం కలిగిస్తాయి.

కరణం గారి దస్త్రం

డిస్కులో విభజన అంటే ఏమిటో మాస్టారు అడిగారు. ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పాను. పూర్వం ఊరిలో ఏ పొలం ఎవరిది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కరణం గారి దస్త్రాలలో ఉండేది. ఆ దస్త్రం కాలిపోతే పొలాలు కాలిపోవు. వరి అక్కడే ఉంటుంది, గట్లు అక్కడే ఉంటాయి, హద్దురాళ్ళు పాతినచోటే ఉంటాయి. దస్త్రం చూసి మాత్రమే పొలాన్ని గుర్తించే అధికారికి మాత్రం ఊరంతా బంజరుగా కనిపిస్తుంది.

మాస్టారి కంప్యూటరు 2013 నాటిది, విండోస్ 7 ఉన్నది. అందులో పాతపద్ధతి విభజన పట్టిక ఉండేది. డిస్కులో మొట్టమొదటి ఖండం 512 బైట్లు. అందులో 446 బైట్లు యంత్రాన్ని మేల్కొలిపే కార్యక్రమానికి, ఆ తర్వాత 64 బైట్లు విభజన పట్టికకు, చివరి రెండు బైట్లు ముద్రకు కేటాయించబడ్డాయి. ఆ 64 బైట్లలో ఒక్కొక్కటి 16 బైట్ల చొప్పున నాలుగు వరుసలు మాత్రమే పడతాయి. ఏ భాగం ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడవు అన్న సంగతి అంతా అక్కడే. లక్షకోట్ల బైట్ల డిస్కు ఆ 64 బైట్లపై ఆధారపడి ఉంటుందని విని మాస్టారు చిన్నగా నవ్వారు. రెండు దినాలలో అది ఆయన మొదటి నవ్వు. కొత్త కంప్యూటరులలో వాడే జి.పి.టి. పద్ధతిలో పట్టికకు నకలు డిస్కు చివరన కూడా ఉంటుంది. ఎవరో బుద్ధిమంతులు అనుభవం మీద చేసిన మార్పు అది.

హద్దురాళ్ళ సంగతి మరింత ముఖ్యం. విండోస్ వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. దస్త్రవ్యవస్థ తన భాగం మొదటి ఖండంలో తన కొలతలను వ్రాసుకుంటుంది. అదే విషయాన్ని ఆ భాగం చివరి ఖండంలో మరొకసారి వ్రాసుకుంటుంది. అనగా పొలానికి ఈ చివర ఒక రాయి, ఆ చివర ఒక రాయి. ఒకటి కదిలినా రెండవది దొరికితే కొలత తెలుస్తుంది. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత కార్యక్రమం సర్వేయరు వలె డిస్కు పొడవునా నడిచి ఈ రాళ్ళను వెదకుతుంది. దీనిని వ్రాసినవారు క్రిస్టోఫ్ గ్రెనియే. కెమెరా కార్డులపై నేను వాడిన ఫోటోరెక్ కూడా ఆయన వ్రాసినదే. వాటిని ఉచితంగా అందించి ఆయన లోకానికి చేసిన ఉపకారం ఎంతటిదో ఆ వారంలో నాకు బాగా తెలిసింది.

అయితే మాస్టారి డిస్కులో పోయినది పట్టిక ఒక్కటే కాదు. దానిపై కొత్త దస్త్రవ్యవస్థ వేయబడింది. లినక్స్ వాడే ఎక్స్‌ట్4 డిస్కు మొదట్లోనే కాక, దాని పొడవునా అక్కడక్కడ తన పట్టికలను, తన ముఖ్యఖండపు నకళ్ళను ఉంచుతుంది. అంటే రెండవ భాగంలో కూడా మధ్యమధ్య కొన్ని చోట్ల పాత సమాచారంపై కొత్త వ్రాత పడి ఉంటుంది. మొదటి భాగంలో ఇంకా ఎక్కువ పడి ఉంటుంది, అప్పటికే కొత్త వ్యవస్థ దస్త్రాలు అక్కడ చేరనారంభించాయి. ఎక్కడెక్కడ పడిందో ముందుగా తెలిసే మార్గం లేదు.

నకలు

మరొక దుకాణంలో పనిచేసే యువకుని పిలిపించాము. ఇతనికి ఓపిక ఉంది, తెలియనిది తెలియదని చెప్పే గుణం ఉంది. వైద్యులలో కూడా నేను మొదట చూసేది ఆ గుణాన్నే. అతడు డిస్కును కంప్యూటరు నుండి ఊడదీసి, వేరొక కంప్యూటరుకు యు.ఎస్.బి. తీగతో తగిలించాడు. డిస్కు ఆరోగ్యాన్ని తెలిపే స్మార్ట్ నివేదిక చూశాము. పాడైన ఖండాలు లేవు, వింత శబ్దాలు లేవు. డిస్కు టకటకమని కొట్టుకుంటుంటే ఇంటిలో చేసే ప్రయత్నాలన్నీ ఆపి, ధూళిరహితమైన గదులున్న నిపుణులకు అప్పగించాలి. యాంత్రికంగా దెబ్బతిన్న డిస్కును నడిపిన కొద్దీ చెడుతుంది.

మొదట చేసినది పూర్తి నకలు. డిడిరెస్క్యూ అనే కార్యక్రమం డిస్కును ఖండం తర్వాత ఖండంగా, ఖాళీగా కనిపించేవాటితో సహా, యథాతథంగా వేరొక డిస్కులోనికి ఎత్తుతుంది. ఇందుకు మాస్టారు రెండు టెరాబైట్ల డిస్కును కొన్నారు. ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. మూలమేదో గమ్యమేదో తారుమారైతే ఖాళీ డిస్కులోని శూన్యాన్ని పాత డిస్కుపైకి ఎత్తినట్లవుతుంది. ఆసుపత్రిలో రక్తం ఎక్కించేముందు సంచి మీది సంఖ్యను, రోగి చేతి పట్టీని ఇద్దరు వేరువేరుగా చదివి సరిచూస్తారు. మేమూ అలాగే చేశాము. రెండు డిస్కుల వరుససంఖ్యలను ఆ యువకుడు చదివాడు, మేనల్లుడు కాగితంపై వ్రాశాడు, తర్వాత మేనల్లుడు చదివితే నేను సరిచూశాను. ఆ తర్వాతనే ఎంటర్ నొక్కారు.

ఆ తీగ పాతరకానిది. సెకనుకు 30 మెగాబైట్లకు మించి రాలేదు. ఆ లెక్కన ఒక టెరాబైటుకు తొమ్మిది గంటలకు పైగా పడుతుంది. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టినది తెల్లవారి ఆరున్నరకు పూర్తయింది. మధ్యలో కరెంటు పోతుందేమోనన్న భయంతో ఇన్వర్టరున్న మా ఇంటికే అంతా తెచ్చుకున్నాము. ఆ రాత్రి ఆ అబ్బాయి నిద్రపోలేదు. డిస్కు మీది చిన్నదీపం మినుకుమినుకుమంటుంటే దానినే చూస్తూ కూర్చున్నాడు. నకలు పూర్తయిన తర్వాత అసలు డిస్కును ఒక సంచిలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాను. మా పనంతా నకలుమీదనే. నకలు చెడితే మరొక నకలు తీసుకోవచ్చు.

దొరికినది, దొరకనిది

టెస్ట్‌డిస్క్ మొదటి శీఘ్రశోధనలో మునుపటి రాత్రి పుట్టిన లినక్స్ భాగాన్ని మాత్రమే చూపింది. అబ్బాయి ముఖం పాలిపోయింది. లోతైన శోధన మొదలుపెట్టాము. మధ్యాహ్నానికి పాత రెండవ భాగపు హద్దు దొరికింది. పి అక్షరం నొక్కగానే మాస్టారు పెట్టుకున్న సంచికల పేర్లు ఒక్కొక్కటే వరుసగా తెరపైకి వచ్చాయి. పద్యాలు, పాఠాలు, పెన్షను, అమ్మాయి పెళ్ళి, ఇల్లు, ఆమె ఆపరేషను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఆ స్థితిలో పాత పట్టికను డిస్కుపై తిరిగి వ్రాయమని టెస్ట్‌డిస్క్‌ను కోరవచ్చు. పట్టిక ఒక్కటే పోయిన సందర్భాలలో ఆ పని చేసి కంప్యూటరును తిరిగి మొదలుపెడితే అంతా మునుపటివలె కనిపిస్తుంది. మేము అలా చేయలేదు. కొత్త దస్త్రవ్యవస్థ మధ్యమధ్య గాయాలు చేసి ఉండగా విండోస్ ఆ భాగాన్ని చూసి తనంతట తాను సరిచేయబూనితే ఉన్నవి కూడా పోవచ్చు. దస్త్రాలను మరొకచోటికి ఎత్తుకోవటమే మేలనుకున్నాము.

ఎత్తినవాటిలో చాలావరకు బాగున్నాయి. 2009 నాటి ఆసుపత్రి సారాంశపత్రం ఆరు పుటలు, ఆరు చిత్రాలుగా ఉంది. మొదటి మూడు పుటలు స్పష్టంగా తెరచుకున్నాయి: రోగనిర్ధారణ, శస్త్రచికిత్స వివరం, కవాటపు రకం, పరిమాణం. నాలుగవ పుటలో పై నాలుగైదు వరుసలు కనిపించి, ఆపైనంతా బూడిదరంగు. ఆ చిత్రం ఉన్న చోటనే కొత్త వ్రాత పడింది. అయిదవ పుటలో ఇంటివద్ద వాడవలసిన మందులు, ఆరవ పుటలో సంతకాలు ఉన్నాయి. నాలుగవ పుటపై మిగిలిన వరుసలలో చివరిది, శస్త్రచికిత్స జరిగిన ఏడవ దినాన రక్తఫలకాలు తగ్గినట్లు చెప్పి అక్కడితో ఆగిపోయింది.

రక్తఫలకాలంటే ప్లేట్‌లెట్లు. గుండె శస్త్రచికిత్సలో రక్తాన్ని యంత్రంగుండా పంపుతారు కాబట్టి మొదటి రెండు మూడు దినాలలో అవి తగ్గటం సాధారణం, తర్వాత కోలుకుంటాయి. అయిదవ దినం దాటిన తర్వాత మళ్ళీ తగ్గితే హెపరిన్‌ను అనుమానించాలి. కొందరిలో హెపరిన్ రక్తఫలకాలనుండి వెలువడే ఒక మాంసకృత్తుతో జతకూడుతుంది, శరీరం ఆ జంటపై ప్రతిరక్షకాలను ఉత్పత్తి చేస్తుంది. ఆ ప్రతిరక్షకాలు రక్తఫలకాలనే ఉత్తేజపరుస్తాయి. ఫలితం విపరీతం. ఫలకాలు తగ్గుతాయి, అయినా రక్తస్రావానికి బదులు రక్తం గడ్డకడుతుంది. గడ్డలను ఆపటానికి ఇచ్చిన మందే గడ్డలను కలిగిస్తుంది. లోహకవాటం ఉన్న మనిషిలో దీని పరిణామం ఊహించటం కష్టం కాదు.

ఆమె చెప్పిన "పడని ఇంజెక్షను" హెపరిన్ అయి ఉండవచ్చునని నాకు బలంగా అనిపించింది. అయితే వైద్యంలో అనిపించటం చాలదు. గుండె శస్త్రచికిత్స తర్వాత ఫలకాలు తగ్గటానికి వేరే మందులు, సూక్ష్మజీవుల వ్యాధులు కూడా కారణం కావచ్చు. ఆ ఆసుపత్రికి ఫోను చేస్తే 2009 నాటి పత్రాలు ఇప్పుడు లేవన్నారు. మన దేశంలో 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ఆసుపత్రిలో చేరిన రోగుల పత్రాలను చికిత్స మొదలైననాటి నుండి 3 సంవత్సరాలు భద్రపరచమని చెబుతుంది. ఆ లోపల రోగి అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. పదిహేనేళ్ళ తర్వాత అడిగినవారికి లేవని చెప్పటంలో నియమభంగమేమీ లేదు.

అప్పుడు మాస్టారికి ఒక విషయం స్ఫురించింది. ఎనిమిదేళ్ళ క్రితం టెక్సస్‌లో చదువుకుంటున్న కుమార్తె అడిగితే ఆ పుటలను చిన్నవిగా చేసి ఆమెకు మెయిలు పంపారట. అమ్మాయికి ఫోను చేశాము. అది విశ్వవిద్యాలయం వారిచ్చిన మెయిలు చిరునామా, చదువు పూర్తయ్యాక మూతపడింది. "నాన్నగారూ, అందులోవన్నీ పోయాయండి" అన్నది. అయితే చిన్నవిగా చేసిన ఆ ప్రతులు పంపేముందు మాస్టారి కంప్యూటరులోనే ఎక్కడో ఉండాలి కదా. ఉంటే అవి మొదటి భాగంలో ఉండాలి. ఆ భాగపు హద్దురాళ్ళు, సూచిక రెండూ చెడిపోయి ఉన్నాయి.

సూచిక లేనప్పుడు ఫోటోరెక్ అవసరం పడుతుంది. అది దస్త్రాల పేర్లను, సంచికలను పట్టించుకోదు. ప్రతి రకం దస్త్రానికి ఉండే ఆద్యక్షరాలను వెదకుతుంది. జేపెగ్ చిత్రమైతే ఎఫ్.ఎఫ్., డి.8, ఎఫ్.ఎఫ్. అనే మూడు బైట్లతో మొదలవుతుంది. అటువంటిది కనబడినచోట ఒక చిత్రం మొదలైందని భావించి దానిని వేరుచేసి తీస్తుంది. శిథిలాలలో పడిన పుస్తకాల నుండి చినిగిన పుటలను ఏరటం వంటి పని. పుటలు వస్తాయి, పుస్తకం పేరు రాదు, వరుస రాదు. మాకు వేలకొద్దీ చిత్రాలు సంఖ్యలే పేర్లుగా వచ్చాయి. అంతర్జాలంలో చూసిన ప్రతి వార్తాచిత్రం, ప్రతి ప్రకటన, శుభోదయ సందేశాలలోని ప్రతి గులాబి అందులో ఉంది.

మాస్టారు, ఆయన శ్రీమతి, మేనల్లుడు ముగ్గురూ మా ముందుగదిలో కూర్చుని వాటిని ఒక్కొక్కటిగా చూశారు. అది రెండు సాయంకాలాల పని. మధ్యలో ఎప్పటివో పెళ్ళి ఫోటోలు వస్తే ఆమె ఆపమనేవారు. "ఇది మా పెద్దాడపడుచు, ఇప్పుడు లేరండి" అని చెప్పేవారు. పని ఆలస్యమవుతున్నా ఎవరూ తొందరపెట్టలేదు. రెండవనాటి సాయంకాలం ఏడు గంటల వేళ అబ్బాయి, "అత్తయ్యా, ఇది చూడండి" అన్నాడు. నాలుగవ పుట. చిన్నది, అక్షరాలు కొంచెం అలికినట్లున్నవి, అయినా చదవవచ్చును. రక్తఫలకాలు రెండు లక్షల పైనుండి 62,000కు దిగినట్లు, హెపరిన్ వలన అని నిర్ధారించి ఆపినట్లు, ఈ రోగికి ఇకపై హెపరిన్ ఇవ్వరాదని రెండు వాక్యాలు స్పష్టంగా ఉన్నాయి.

మరునాడు ఆ పుటను ముద్రించి శస్త్రచికిత్స చేయబోయే వైద్యులకు చూపారు. మత్తువైద్యురాలు దానిని రెండుసార్లు చదివి ప్రణాళికను మార్చారు. ఆ ప్రతిరక్షకాలకు పరీక్ష చేయిస్తే లేవని వచ్చింది. అది ఆశ్చర్యం కాదు, అవి సాధారణంగా సుమారు వంద దినాలలో రక్తంనుండి తొలగిపోతాయి. అయినా పాత చరిత్ర ఉన్నవారికి అత్యవసరమైతే తప్ప హెపరిన్ ఇవ్వరు. బదులుగా బైవాలిరుడిన్ వాడారు. సిరలో ఉంచిన గొట్టాలను శుభ్రపరచటానికి కూడా హెపరిన్ కలిపిన ద్రవం వద్దని, ఉప్పునీటి ద్రవమే వాడాలని ఆమె మంచం తలాపున పెద్ద అక్షరాలతో వ్రాసి పెట్టారు. చాలామంది మరచిపోయేది ఈ గొట్టాల సంగతినే. శస్త్రచికిత్స సజావుగా జరిగింది. అయిదవ దినాన ఆమె ఇంటికి వచ్చారు.

మరికొన్ని మాటలు

మాస్టారి డిస్కు తిరిగే పళ్ళేలున్న పాతరకం కావటం అదృష్టం. ఇప్పటి ల్యాప్‌టాపులలో ఎస్.ఎస్.డి.లు ఉంటున్నాయి. వాటిలో కొత్త దస్త్రవ్యవస్థను వేసేటప్పుడు ట్రిమ్ అనే ఆదేశం ద్వారా పాత ఖండాలన్నీ అక్కరలేదని డిస్కుకు తెలుపుతారు, డిస్కు వాటిని నిజంగానే ఖాళీ చేస్తుంది. అప్పుడు టెస్ట్‌డిస్క్‌కు గాని ఫోటోరెక్‌కు గాని సున్నాలు తప్ప మరేమీ దొరకవు. బిట్‌లాకర్ వంటి గుప్తీకరణ ఉండి దాని తాళపుసంఖ్య పోయినా అంతే. పాఠకులు ఈ కథను చదివి తమకూ ఇలాగే అన్నీ తిరిగి వస్తాయని ధైర్యపడకూడదు.

నా దగ్గరకు వచ్చే రోగులకు ఇప్పుడు ఒక కాగితపు ముక్క మీద నాలుగు సంగతులు వ్రాసి పర్సులో పెట్టుకోమంటున్నాను: ఏ మందు పడదు, ఒంట్లో ఏ పరికరం అమర్చి ఉంది, నిత్యం వాడే రక్తం పలుచబరచే మందు ఏది, ఎవరికి ఫోను చేయాలి. దీనికి కరెంటు అక్కరలేదు, డిస్కు అక్కరలేదు. స్పృహలో లేని మనిషి జేబులో అది దొరికితే అత్యవసర విభాగంలో ఉన్నవారికి కొండంత మేలు. మిగిలిన పత్రాల ప్రతి ఒకటి ఇంటిలో, ఒకటి వేరొక ఊరిలో ఉన్న పిల్లల దగ్గర ఉండాలి. ఒకే డిస్కులోని రెండు భాగాలలో రెండు ప్రతులు పెట్టుకొని నిశ్చింతగా ఉండేవారిని నేను చూశాను. అవి రెండు ప్రతులు కావు. ఆయుష్మాన్ భారత్ వారి 14 అంకెల ఆరోగ్యసంఖ్య కలవారు అందులో పత్రాలను జతపరచుకోవచ్చు. పాత కాగితాలను మాత్రం మనమే ఎక్కించుకోవలసి ఉంటుంది.

ఆ అబ్బాయి కళాశాలకు తిరిగి వెళ్ళేముందు మాస్టారి కంప్యూటరులో లినక్స్ వేసి వెళ్ళాడు, ఈసారి కొత్త డిస్కులో. మాస్టారే వేయమన్నారు. పాత డిస్కు ఇంకా మా బీరువాలోనే ఉంది.

అన్నీ రాలేదు. 2017 నుండి 2020 వరకు మాస్టారు ఐ.ఎన్.ఆర్. విలువలు, మందు మోతాదులు వ్రాసుకున్న లెక్కల పట్టిక మొదటి భాగంలో ఎక్కడో కొత్త వ్రాత క్రింద పడిపోయింది. ప్రయోగశాల రసీదులు కొన్ని ఒక పాత బిస్కట్ల డబ్బాలో దొరికాయి. వాటిని తేదీల వారీగా పేర్చి ఆయన తిరిగి ఎక్కిస్తున్నారు, ఈసారి గళ్ళపుస్తకంలో సిరాతో. మొన్న కలిసినప్పుడు 2018 ఆగస్టు వరకు వచ్చిందన్నారు.